పన్నెండు కొట్టేలోగా ఒక్క మనిషి

పడవ సిద్ధంగా ఉంది. తెడ్లు సిద్ధంగా ఉన్నాయి. పడవ నడిపే హెస్టర్ పోకాక్ కూడా మెడకు ఎర్ర రుమాలు చుట్టుకుని, రేవు మెట్ల మీద సిద్ధంగా నిలబడి ఉంది. ఎక్కడానికి మనిషే లేడు.

ఒక్కడంటే ఒక్కడు లేడు. ఎల్వర్లీ ఊరు ఊరంతా నదికి అవతలి ఒడ్డున ఉంది. బ్యాండు అక్కడే, కేకుల పందిరి అక్కడే, చర్చి ఫాదరు అక్కడే, పడవెక్కాల్సిన మేయరమ్మ కూడా అక్కడే. మూడు వందల ఎనభై ఏళ్లుగా ఏ ఏడూ తప్పని ఆచారం ఇంకో ఇరవై నాలుగు నిమిషాల్లో తప్పిపోయేలా ఉంది. అదీ హెస్టర్ చేతుల్లో.

ఆచారమంటే పెద్ద తంతేం కాదు. ఎప్పుడో ఒక జమీందారు తాగిన మైకంలోనో, దేవుడి మీద భయంతోనో ఒక కాగితం రాసిచ్చాడు. ప్రతి ఏడూ సెప్టెంబరు ఇరవై తొమ్మిదిన, ఊళ్లో పొయ్యి వెలిగే ఇంటి మనిషి ఒకరు ఊరి రేవులో పడవెక్కాలి. ఏం పనుండి దాటుతున్నారో అందరూ వినేలా నిజం చెప్పాలి. చర్చి గడియారం మధ్యాహ్నం పన్నెండు కొట్టేలోగా అవతల దిగి, తన ఇంటి నుంచి తెచ్చిన కోడిగుడ్డు ఒకటి పడవ మనిషి చేతిలో పెట్టాలి. ఇది జరిగినంత కాలం అవతలి పచ్చిక బీడు ఊరిది. ఒక్క ఏడు తప్పిందా, బీడు మళ్లీ ఆ జమీందారు ఎస్టేటుకి పోతుంది.

ఊళ్లో సైకిలు నేర్చుకున్న ప్రతివాడూ ఆ బీడులోనే మోకాలు చెక్కుకున్నాడు. సగం పెళ్లిళ్లు అక్కడే కుదిరాయి. ఎస్టేటు వాళ్లు మాత్రం బీడు నిండా చెక్క కాటేజీలు కట్టి సెలవులకొచ్చేవాళ్లకి అద్దెకివ్వాలని బొమ్మలు కూడా గీయించి పెట్టుకున్నారు. వాళ్ల లాయరు లాసెల్స్ ప్రతి ఏడూ చేతిలో గడియారం పట్టుకుని అవతలి రేవులో నిలబడతాడు. మర్యాదస్తుడే. ఇచ్చిన కేకు ముక్క కాదనకుండా తింటాడు, గడియారం మీంచి మాత్రం చూపు తిప్పడు.

ఇంతకీ ఊరంతా అటెలా పోయిందంటే, అంతా ఆ వంతెన పుణ్యం. పదకొండేళ్ల కిందట నడక వంతెన పడింది. అప్పటి నుంచీ జనం పొద్దున్నే వంతెన మీదుగా బీడులోకి పోయి, పడవ వచ్చి దిగేది బాగా కనిపించే చోట దుప్పట్లు పరుచుకుని కూర్చుంటున్నారు. ఇటు రేవులో మేయరూ, హెస్టరూ మిగులుతారు. ఈ ఏడు మేయరు ప్రూడెన్స్ ఆక్‌వెల్ పదకొండింటికి రేవుకొచ్చింది కూడా. ఇంతలో అటు నుంచి ఫోను. ఆపిల్ కేకుల పోటీలో ఇద్దరాడవాళ్లు కొట్టుకునేదాకా వచ్చారట.

"ఐదంటే ఐదు నిమిషాలు హెస్టర్! ఇలా వెళ్లి అలా వచ్చేస్తా," అని ప్రూడెన్స్ మెళ్లో మేయరు గొలుసూ, టోపీ, గుడ్డున్న హ్యాండ్‌బ్యాగూ పట్టుకుని వంతెనెక్కి పరిగెత్తింది. ఆ పరుగులో బీడు వైపు గేటు వెయ్యడం మర్చిపోయింది.

సరిగ్గా అప్పుడే బ్యాండు వాళ్లు ఊదడం మొదలుపెట్టారు. ఆ మోతకి బీడులో మేస్తున్న పద్నాలుగు కోడెలూ బెదిరి, తోకలెత్తుకుని, తెరిచి ఉన్న గేటులోంచి వంతెన మీదికి దూరాయి. ఊరి వైపు చివర మనుషులు ఒంటిగా దూరే తిరుగుడు గేటు. అవి ముందుకి రాలేవు. వెనక్కి నడవడం వాటికి రాదు. తిరగడానికి చోటు లేదు. ఇటు కమ్మీ నుంచి అటు కమ్మీ దాకా ఒరుసుకుంటూ వంతెనంతా బిగుసుకుని నిలబడిపోయి, తీరిగ్గా పేడ వేస్తున్నాయి.

"హెస్టర్!" అవతలి ఒడ్డు నుంచి మైకులో ప్రూడెన్స్ గొంతు. "నువ్వే ఇటొచ్చి నన్ను తీసుకుపో!"

"తీసుకొచ్చి మళ్లీ దాటించాలిగా!" హెస్టర్ గొంతు చించుకుని అరిచింది. "మూడు సార్లు దాటాలి! ఎగువన వేల్స్‌లో వానలు పడ్డాయి, నీళ్లెలా పోతున్నాయో చూడు! ఒక్కసారికే పది నిమిషాలు!"

"అయితే ఇప్పుడెలా?"

"నన్నడుగుతావేం? గేటు వెయ్యని మనిషివి నువ్వు!"

ఊరి పడవల క్లబ్బు వాళ్ల పడవలన్నీ ఇటు షెడ్డులో తాళం వేసి ఉన్నాయి, తాళంచెవి అటు ఎవరి జేబులోనో ఉంది. ప్రూడెన్స్ మొగుడు ఈదుకొస్తానని బూట్లు విప్పాడు. నీళ్లలో ఒక కాలు పెట్టి చూసి, మళ్లీ బూట్లు వేసుకున్నాడు.

హెస్టర్ వీధిలోకి పరిగెత్తింది. ముప్పై ఏళ్లు ఇంటింటికీ పోస్టు పంచిన మనిషి కాబట్టి ఎవరింట్లో ఎవరుంటారో ఆవిడకి కరతలామలకం. రొట్టెల దుకాణం మూత. పబ్బు తలుపు మీద 'బీడులో ఉన్నాం' అని అట్ట. మంచం దిగలేని మిసెస్ లోవెల్‌ని కూడా చక్రాల కుర్చీలో అటు తీసుకుపోయారు! బల్ల మీద కూర్చుని అరటిపళ్లు తింటున్న ఇద్దరు సైకిలు వాళ్లు కనిపిస్తే హెస్టర్‌కి ప్రాణం లేచొచ్చింది.

"మీదేవూరు నాయనా?"

"బర్మింగ్‌హామ్."

"ఇక్కడెవరింట్లోనైనా పొయ్యి గానీ వెలిగించారా?"

వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. హెస్టర్ జవాబు కోసం ఆగలేదు. తల పైకెత్తింది. అన్ని పొగగొట్టాలూ చల్లగా పడున్నాయి. రేవు వీధి చివర ఒక్కదాని మీద మాత్రం సన్నటి పొగ లేస్తోంది.

ఆ ఇల్లు చూడగానే హెస్టర్ కాళ్లు వాటంతటవే నెమ్మదించాయి. దేవుడా, ఇంకెవరూ లేరా! అది సైలస్ ట్రో ఇల్లు.

సైలస్‌కి డెబ్బై ఆరేళ్లు. హెస్టర్‌కి ముందు పడవ అతనిది. పదహారేళ్ల వయసులో హెస్టర్‌కి తెడ్డు పట్టడం నేర్పింది కూడా అతనే. 'పిల్లా, తెడ్డుతో కుస్తీ పట్టకు, నీళ్లతో మాట్లాడు' అనేవాడు. వంతెన కావాలా వద్దా అని ఊరంతా చేతులెత్తిన రోజున లెక్క సగం సగంగా తేలింది. ఆఖరి చెయ్యి హెస్టర్‌ది. ఆవిడ 'కావాలి' అని ఎత్తింది. సైలస్ తెడ్లు తెచ్చి సభలో ఆవిడ కాళ్ల దగ్గర పడేశాడు. 'ఈ వంతెన పడవని ముంచుతుంది. అదీ నీ చేతుల్లోనే ముంచుతుంది, రాసిపెట్టుకో. నేను ఆ వంతెన మీద అడుగు పెట్టను,' అని వెళ్లిపోయాడు. అంతే. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. హెస్టర్ రోజూ అతని తలుపు సందులో ఉత్తరాలు తోసి వెళ్లేది. ఆవిడ మలుపు తిరిగాకే తలుపు తెరుచుకునేది. ఇద్దరూ మొండిఘటాలే, ఎవరిని తక్కువ అనడానికి లేదు.

హెస్టర్ తలుపు కొట్టబోయింది. చెయ్యి తగలకముందే తలుపు తెరుచుకుంది. సైలస్ నల్ల కోటు వేసుకుని, బూట్లు తళతళలాడేలా తుడుచుకుని, తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. ఎక్కడికో బయల్దేరినట్టున్నాడు అనుకుంది హెస్టర్.

"ఏం, పోస్టా?" అన్నాడు. "నువ్వు రిటైరై మూడేళ్లయింది కదా."

"పోస్టు కాదు. మనిషి కావాలి."

"ఊరినిండా ఉన్నారుగా."

"అందరూ అటున్నారు. వంతెన మీద ఎద్దులు ఇరుక్కున్నాయి."

సైలస్ కనుబొమలు పైకి లేచాయి. "ఏమిరుక్కున్నాయి?"

"కోడెలు. పద్నాలుగు. కదలవు, మెదలవు."

సైలస్ నవ్వాడు. మొదట ముక్కుతో నవ్వాడు, తర్వాత కడుపు పట్టుకుని నవ్వాడు, ఆఖరికి దగ్గొచ్చి గోడ పట్టుకున్నాడు. "వంతెన మీద... పద్నాలుగు... అబ్బ, నెల్ ఉండుంటే ఎంత నవ్వేదో!" నెల్ అతని భార్య. వంతెన రావడానికి ముందటి ఏడు పోయింది.

హెస్టర్‌కి ఒళ్లు మండింది. "నవ్వండి, బాగా నవ్వండి! మీరన్నట్టే అవుతోందిగా. నా చేతుల్లోనే మునుగుతోందిగా. అయినా నేను చెయ్యెత్తింది తప్పని ఇప్పుడూ అనను. వంతెనకి ముందొచ్చిన ఆ వరదలో మా అమ్మ అవతల తుంటి విరిగి రెండు రోజులు పడుంది. మీరు పడవ వెయ్యలేకపోయారు. ఎవరూ వెయ్యలేరు, మిమ్మల్ని నేను ఒక్క మాటైనా అనలేదు. వంతెన కావాలన్నాను, అంతే. పదకొండేళ్లు నన్ను పురుగుని చూసినట్టు చూశారు. అదంతా మన గొడవ. బీడేం చేసింది?"

సైలస్ నవ్వాపేశాడు. "మీ అమ్మ సంగతి ఆ రోజు సభలో చెప్పలేదేం?"

"మీరు వినేలా ఉన్నారా? తెడ్లు నా కాళ్ల మీద పడేశారు. బొటనవేలు గోరు ఊడింది తెలుసా?"

"నాకెవరు చెప్పారు?"

"ఇప్పుడు చెబుతున్నాను."

కాసేపు ఇద్దరూ గడప మీద ఒకరినొకరు గుర్రుగా చూసుకున్నారు. తర్వాత హెస్టర్ గొంతు దిగిపోయింది. "సైలస్ గారూ, నా పడవెక్కండి. నాకింకెవరూ లేరు. మీ కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

"నా కాళ్లెందుకు? టైమెంత?"

"పదకొండూ నలభై నాలుగు."

"మరి ఇక్కడ నుంచుని కబుర్లేమిటి పిల్లా? నడు!"

రేవు మెట్ల మీదికి సైలస్ దిగుతుంటే అవతలి ఒడ్డున గుసగుసలు లేచాయి. హెస్టర్ పడవలోకి దూకి తెడ్లు పట్టుకుంది. ఆచారం ప్రకారం ఎక్కే మనిషి ముందు కేకెయ్యాలి.

"ఓయ్, పడవా!" సైలస్ గొంతు నది మీద మోగింది. మైకు అక్కర్లేని గొంతు అది.

"ఎవరది? ఏం పని మీద?" అంది హెస్టర్.

మేయర్లు ఏటేటా 'నా గడ్డి కోసుకోవాలి' అని కాగితం చూసి చదివి దిగిపోయేవాళ్లు. వాళ్లలో గడ్డి కోసినవాడు ఒక్కడూ లేడు. సైలస్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"సైలస్ ట్రో. రేవు వీధి. నా భార్య నెల్ బీడు అంచున పియర్ పళ్ల చెట్టొకటి నాటింది. పదకొండేళ్లయింది దాన్ని చూసి. ఇక్కణ్ణించి చూస్తే విల్లో చెట్లు అడ్డం. అది బతికుందో లేదో చూసుకోవాలి."

లాసెల్స్ గడియారం నుంచి తలెత్తి, వినపడిందన్నట్టు చెయ్యి ఊపాడు. సైలస్ పడవెక్కి వెనక బల్ల మీద కూర్చున్నాడు.

"బతికుందా?" అని మెల్లగా అడిగాడు.

"దిగి మీరే చూస్తారుగా," అంది హెస్టర్. ఆ చెట్టు నిండా కాయలున్నాయని ఆవిడకి తెలుసు. కానీ పనుండి దాటాలి కదా, ముందే చెప్పేస్తే పనేముంటుంది?

పడవ కదిలింది. నది మామూలుగా లేదు. వారం రోజుల వాన నీళ్లు బురద రంగులో, కొమ్మలూ రెమ్మలూ మోసుకుని జోరుగా పోతున్నాయి. ఒడ్డువారనే ఎగువకి చాలా దూరం తోసుకుంటూ పోయి, అక్కణ్ణించి అడ్డంగా కొడితేనే అవతలి రేవుకి సరిగ్గా చేరుతుంది. ముందే అడ్డంగా తిప్పితే దిగువన రెల్లులో పడుతుంది. రెల్లులో పడితే ఇక పన్నెండు కాదు, సాయంత్రం ఆరింటికి కూడా తేలరు.

"ఇంకా పైకి," అన్నాడు సైలస్.

"తెలుసు."

"తెలిస్తే ఇక్కడ తిప్పుతున్నావేం?"

"నేను తిప్పడం లేదు, నీళ్లు తిప్పుతున్నాయి!"

"మరి వాటితో మాట్లాడు."

"మీతో మాట్లాడ్డానికే నాకు ఊపిరి చాలడం లేదు!"

సైలస్ చేతులు రెండూ మోకాళ్ల మీద బిగించుకుని కూర్చున్నాడు. దాటే మనిషి తెడ్డు ముట్టకూడదు. అతని వేళ్లు మాత్రం హెస్టర్ లాగినప్పుడల్లా ముడుచుకుంటున్నాయి, విప్పుకుంటున్నాయి. "ఇప్పుడు," అన్నాడు. అదే క్షణంలో హెస్టర్ కూడా తిప్పింది. పడవ ముక్కు అడ్డం తిరిగింది. నడినదిలో ప్రవాహం పట్టుకుని ఒక్క కుదుపు కుదిపింది. హెస్టర్ పళ్లు బిగించి లాగింది. భుజాలు భగ్గుమంటున్నాయి. ఆవిడ లాగుతుంటే సైలస్ తన ఎప్పటి పాత లెక్క మొదలుపెట్టాడు, "ఒకటీ... రెండూ... ఒకటీ... రెండూ..." పదహారేళ్లప్పుడు విన్న లెక్కే. హెస్టర్‌కి కళ్లు మండాయి. చెమట పట్టి మండాయేమో, ఆవిడైతే అదే అనుకుంది.

ముప్పావు వంతు దాటాక ఆవిడ తెడ్డు గాల్లోనే ఆగిపోయింది.

"గుడ్డు!"

"ఏం గుడ్డు?"

"గుడ్డివ్వాలిగా! దాటేవాళ్ల ఇంటి గుడ్డు! ప్రూడెన్స్ గుడ్డు ప్రూడెన్స్ సంచిలో ఉంది, అది పనికి రాదు. మిమ్మల్ని తలుపు దగ్గర్నుంచి లాక్కొచ్చేశాను, గుడ్డు మాట గుర్తే లేదు! అయ్యో, అంతా చేసి ఆఖరికి... ఎంత బుద్ధి తక్కువ పని చేశాను!"

"తెడ్డు వెయ్యి."

"దేనికి వెయ్యాలి? లాసెల్స్ ఊరుకుంటాడా?"

"తెడ్డు వెయ్యమన్నానా! రెల్లులోకి పోతున్నాం!"

ఆ అరుపుకి హెస్టర్ చేతులు వాటంతటవే లాగాయి. ఇంక ఆవిడ ఏమీ ఆలోచించలేదు. అటు జనం ఒడ్డువారనే పడవతో పాటు పరిగెడుతున్నారు. బ్యాండు వాళ్లు వాయించబోతే పది మంది కలిసి నోళ్లు మూయించారు, కోడెలు మళ్లీ బెదురుతాయని. పడవ రేవు కొయ్యకి ఠక్కుమని తగిలింది. ఎవరో తాడు అందుకుని కట్టారు. సైలస్ లేచి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మెట్టు మీదికి దిగాడు.

"పదకొండూ యాభై ఎనిమిది," అన్నాడు లాసెల్స్. ఆ తర్వాత ఇబ్బందిగా దగ్గాడు. "మరి, కోడిగుడ్డు?"

ప్రూడెన్స్ హ్యాండ్‌బ్యాగు తెరవబోయింది. లాసెల్స్ ఆవిడ వైపు చూసి, జాలిగానే, తల అడ్డంగా ఊపాడు. హెస్టర్ పడవలోనే కూర్చుండిపోయింది. తలెత్తి ఎవరి మొహమూ చూడలేకపోయింది.

సైలస్ కోటు లోపలి జేబులో చెయ్యి పెట్టాడు. తెల్లటి చేతిరుమాలు మూట ఒకటి తీశాడు. ఒక్కో కొసా విప్పాడు. లోపల గోధుమరంగు గుడ్డు. వంగి దాన్ని హెస్టర్ అరచేతిలో పెట్టాడు.

"మా కోడిదే," అన్నాడు లాసెల్స్‌తో. "కావాలంటే వెళ్లి దాన్నే అడుగు."

ఒడ్డంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. ప్రూడెన్స్ టోపీ గాల్లోకి ఎగిరి నదిలో పడింది. లాసెల్స్ పుస్తకంలో సంతకం పెట్టి, నిజం చెప్పాలంటే కాస్త తేలిగ్గానే ఊపిరి పీల్చుకుని, కేకుల పందిరి వైపు నడిచాడు.

హెస్టర్ మాత్రం గుడ్డు వంక చూస్తూ అలాగే కూర్చుంది.

"ఇదెప్పుడు పెట్టుకున్నారు? తలుపు తీసి నేరుగా నా వెనకే వచ్చారుగా."

"పొద్దున్న పెట్టుకున్నా."

"ఎద్దులు ఇరుక్కుంటాయని పొద్దున్నే తెలుసా మీకు?"

"నాకేం తెలుసు?" సైలస్ టోపీ చేతుల్లో తిప్పుతూ నది వైపు చూశాడు. "ప్రతి ఏడూ పెట్టుకుంటాను. ఈ రోజున కోటేసుకుని, గుడ్డు జేబులో పెట్టుకుని, కిటికీ దగ్గర కూర్చుంటాను. ఎవరైనా వచ్చి రమ్మంటారేమోనని. పన్నెండు కొట్టాక కోటు విప్పి, గుడ్డు ఉడకబెట్టుకుని తినేస్తాను."

అప్పుడే ఊళ్లో చర్చి గడియారం కొట్టడం మొదలుపెట్టింది. హెస్టర్‌కి సిగ్గేసింది. ఇన్నేళ్లూ ఈ రోజున ఆ కిటికీ ముందు నుంచే రేవుకి నడిచి వెళ్లింది. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి తల తిప్పి చూస్తే ఆ కోటు కనిపించేది. ఏడుపొచ్చింది, ఊరంతా చూస్తుండగానే ఏడ్చేసింది.

"ఛ, ఊరుకో. గుడ్డు పగిలిపోతుంది," అన్నాడు సైలస్.

"వచ్చే ఏడు తొమ్మిదిన్నరకే వచ్చి తలుపు కొడతాను."

"తొమ్మిదికి రా. టీ తాగి బయల్దేరదాం."

అని విల్లో చెట్ల వైపు అడుగులేశాడు. నాలుగడుగులు వేసి, అటు దారి గుర్తు లేక ఆగిపోయాడు. హెస్టర్ ముక్కు తుడుచుకుని, గుడ్డు రెండు చేతుల్లో పట్టుకుని, దారి చూపించడానికి ముందుకు నడిచింది.